పిట్స్‌బర్గ్‌కు మారాలనుకుంటున్నాం: అక్కడ ఉంటున్నవారి అభిప్రాయం కావాలి

ఉక్కునగరం ఆడపడుచు

అందరికీ నమస్కారం. మావారికి పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రుల సంస్థలో ఉద్యోగం వచ్చింది. పాప బడికి వేసవి సెలవులు ఇవ్వగానే డాలస్ నుంచి మారిపోదామని అనుకుంటున్నాం. జీతం ఇప్పటికన్నా కొంచెం తక్కువే అయినా, ఇక్కడ అద్దెకు పోసే డబ్బుతో అక్కడ సొంత ఇంటి వాయిదా కట్టుకోవచ్చని లెక్క తేలడంతో మనసు అటే మొగ్గుతోంది. అయితే ఆ ఊళ్లో ఉన్నవాళ్లను అడిగితే ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన కుదరడం లేదు. పిల్లల్ని పెంచుకోవడానికి అంత అనువైన ఊరు మరొకటి లేదని ఒకరంటే, ఎండ మొహం కనబడదనీ, గాలి మంచిది కాదనీ, పాతబడిన ఊరనీ ఇంకొకరంటున్నారు.

నేను పుట్టి పెరిగింది విశాఖ ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో. మా నాన్నగారు అక్కడి కోక్ ఓవెన్లలోనే (బొగ్గును గాలి తగలకుండా కాల్చి, ఉక్కు తయారీకి కావలసిన కోక్‌గా మార్చే బట్టీలు) పనిచేసి రిటైరయ్యారు. కాబట్టి ఉక్కు ఊరనగానే నాకు బెదురు లేదు. కానీ మా పాపకు ఎనిమిదేళ్లు, ఉబ్బసం ఉంది. ఉక్కు మిల్లులు ఎప్పుడో మూతబడ్డాయి కనుక గాలి శుభ్రపడే ఉంటుందని మావారు అంటున్నారు. అది ఎంతవరకు నిజం? ఏ వైపు ఇల్లు చూసుకుంటే మంచిది? దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

స్క్విరల్ హిల్ వాసి

నేను ఇక్కడికి చదువు కోసం వచ్చి, చదువయ్యాక కూడా వెళ్లాలనిపించక ఉండిపోయినవాణ్ణి. కనుక నా మాటలో ఊరి మీద అభిమానం ఉంటుందని ముందే చెబుతున్నాను.

1950లో 6 లక్షల 76 వేల పైచిలుకు జనం ఉన్న నగరం ఇది. 2020 లెక్కల్లో 3 లక్షల 3 వేలకు చేరింది. ఈ ఒక్క విషయం తెలిస్తే ఇక్కడి మంచీ చెడూ చాలావరకు అర్థమవుతాయి. ఇంతకు రెట్టింపు జనానికి సరిపడా కట్టిన ఊళ్లో ఇప్పుడు మనం ఉంటున్నాం. అందుకే ఇళ్లు అందుబాటులో ఉన్నాయి, అందుకే పెద్ద పెద్ద ఉద్యానవనాలు, మ్యూజియములు, గ్రంథాలయాలు ఉన్నాయి. కానీ అన్ని వంతెనలనూ నీటి గొట్టాలనూ బాగుచేసుకునేందుకు సరిపడా పన్ను కట్టేవాళ్లు లేకపోవడానికీ కారణం అదే. 2022 జనవరి 28న ఫెర్న్ హాలో వంతెన బస్సుతో సహా లోయలోకి కూలిపోవడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు.

ఉక్కు పోయాక ఊరిని నిలబెట్టినవి ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు. నగరం నడిబొడ్డున 1970లో యూఎస్ స్టీల్ సంస్థ కోసం కట్టిన 64 అంతస్తుల భవనం పైన ఇప్పుడు కనిపించేది యూపీఎంసీ అనే ఆసుపత్రుల సంస్థ పేరు. మీరు వచ్చినప్పుడు హేజల్‌వుడ్‌లో మిల్ 19 తప్పకుండా చూడండి. 1943లో కట్టిన పెద్ద ఉక్కు షెడ్డు అది. గోడలూ రేకులూ తీసేసి, ఇనుప చట్రాన్ని మాత్రం అలాగే ఉంచి, దాని కింద కొత్త భవనాలు కట్టి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి ప్రయోగశాలలు పెట్టారు. ఆ చట్రం పైభాగమంతా సౌర పలకలు పరిచారు. పాతదాన్ని నేలమట్టం చేయకుండా కొత్త పనికి వాడుకోవడంలో ఈ ఊరికి ఉన్న శ్రద్ధ నాకు మరెక్కడా కనబడలేదు.

ఇక ఇబ్బందుల సంగతి. నవంబరు నుంచి మార్చి దాకా ఆకాశం మబ్బుపట్టే ఉంటుంది, డాలస్ ఎండకు అలవాటుపడ్డవారికి మొదటి చలికాలం మనసుకు బరువుగా ఉంటుంది. నగర పరిధిలో ఉంటే నగరానికీ బడులకూ కలిపి సంపాదన మీద 3 శాతం స్థానిక పన్ను కట్టాలి, శివారుల్లో చాలాచోట్ల అది 1 శాతమే. ఇవన్నీ లెక్కలో వేసుకున్నాక కూడా నేను రమ్మనే చెబుతాను. కాలినడకన బడికీ, గ్రంథాలయానికీ, కిరాణా కొట్టుకూ వెళ్లగలిగే పేటలో పిల్లలు పెరగడం ఎంత మేలో, ప్రతి పనికీ కారు తీయాల్సిన ఊళ్లో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు.

రీజెంట్ స్క్వేర్ నుంచి

పై మిత్రుడు చెప్పినవన్నీ నిజమే. కానీ ఆవిడ అడిగిన అసలు ప్రశ్న గాలి గురించి, పాప ఉబ్బసం గురించి. దానికి జవాబు రాలేదు కనుక నేను వివరంగా రాస్తున్నాను.

అమ్మా, మిల్లులన్నీ మూతబడ్డాయన్నది సరికాదు. నగర పరిధిలోనివి మూతబడ్డాయి. మొనాంగహేలా నది వెంట ఎగువకు వెళితే బ్రాడక్‌లో 1875లో మొదలైన ఎడ్గర్ థామ్సన్ ఉక్కు కర్మాగారం ఈనాటికీ నడుస్తోంది, ఇంకా పైకి వెళితే క్లెయర్టన్‌లో దేశంలోకెల్లా పెద్దదైన కోక్ కర్మాగారం ఉంది. కోక్ ఓవెన్ల దగ్గర ఏమేమి వెలువడతాయో మీ నాన్నగారికి తెలిసినంత నాకు తెలియదు. 2018 డిసెంబరు 24న క్లెయర్టన్‌లో అగ్నిప్రమాదం జరిగి, వాయువును శుద్ధిచేసే యంత్రాలు నెలల తరబడి పనిచేయలేదు. 2025 ఆగస్టు 11న అక్కడే పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు.

ఇక్కడి నేల తీరు వల్ల సమస్య ఎక్కువవుతుంది. ఊరంతా కొండలు, లోయలు. రాత్రి చల్లబడిన బరువైన గాలి లోయల్లోకి దిగుతుంది, దాని పైన వెచ్చని గాలి పొర కుండ మీద మూతలా కూర్చుంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కే దాకా కింది పొగ పైకి పోయే దారి ఉండదు. శరదృతువులోనూ చలికాలంలోనూ ఇలాంటి ఉదయాలు ఎక్కువ. ఆ రోజుల్లో తెల్లవారుజామున కుళ్లిన గుడ్ల వాసన తగులుతుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ వాసనలను జనం ఎప్పటికప్పుడు నమోదు చేసేందుకు కార్నెగీ మెలన్‌లోని ఒక ప్రయోగశాల స్మెల్ పీజీహెచ్ అనే ఫోన్ యాప్ తయారుచేసింది. వాసనను ఫిర్యాదు చేయడానికి ప్రత్యేకంగా ఒక యాప్ అవసరమైన ఊరు ఇదని గుర్తుపెట్టుకోండి.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు రోజు సగటు చూసి ఊరుకోకండి. మధ్యాహ్నపు మంచి గాలి తెల్లవారుజాము చెడ్డ గాలిని ఆ సగటులో కప్పేస్తుంది. మీ పాప బడి బస్సు కోసం నిలబడేది ఉదయమే కనుక ఆ గంటల అంకెలే మీకు కావాలి. గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది కనుక నదీలోయకు దూరంగా, ఎత్తు మీద, ఉత్తరాన ఉన్న వెక్స్‌ఫర్డ్, క్రాన్‌బెరీ వంటి శివార్లు మీకు మేలని నా అభిప్రాయం. నేనైతే ఉబ్బసం ఉన్న పిల్లతో లోయకు దగ్గరగా ఉండే తూర్పు పేటలకు రాను.

మన్‌హాల్ ఇంజనీరు

నాది మరో మాట. ఉక్కుపరిశ్రమకు యంత్రాలు సరఫరా చేసే పనిలో ఉన్నాను, లోయలోనే ఇల్లు కొనుక్కున్నాను, నా పిల్లలు ఇక్కడి బడికే వెళ్తున్నారు. గాలి గురించి పైన రాసినదాన్ని కాదనను. మీ పాప విషయంలో ఉత్తరానికి వెళ్లమన్న సలహా కూడా సరైనదే. కానీ ఈ చర్చల్లో లోయ ఎప్పుడూ పొగగానో వాసనగానో మాత్రమే కనబడుతుంది తప్ప అక్కడి మనుషులు కనబడరు. అది నాకు బాధగా ఉంటుంది.

మా పక్కన హోమ్‌స్టెడ్‌లో 1892లో కార్నెగీ కంపెనీతో కార్మికులు తలపడిన మిల్లు 1986లో మూతబడింది. ఇప్పుడు ఆ స్థలంలో సినిమా హాలు, దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి. పాత మిల్లు గుర్తుగా పన్నెండు ఇటుక పొగగొట్టాలను వరసగా నిలబెట్టి ఉంచారు. శనివారం సాయంత్రం ఆ పొగగొట్టాల పక్కనే కార్లు నిలిపి జనం సినిమాకు వెళ్తారు. కానీ పట్టాలు దాటి ఎనిమిదో అవెన్యూ మీదికి వస్తే, మిల్లు జీతాల మీద బతికిన పాత బజారులో మూసిన షట్టర్లు ఇంకా చాలా ఉన్నాయి. కొత్త దుకాణాల డబ్బు ఆ నాలుగు వీధులు దాటి రాలేదు. బ్రాడక్ పరిస్థితి ఇంకా కష్టం. ఒకప్పుడు ఇరవై వేల పైచిలుకు జనం ఉన్న ఊళ్లో ఇప్పుడు రెండు వేలమంది కూడా లేరు, ఉన్న ఆసుపత్రిని 2010లో మూసేశారు. మిల్లు నడుస్తూనే ఉన్నా ఊరు మిగలలేదు. పనిచేసేవారు దూరం నుంచి కార్లలో వచ్చి షిఫ్టు చేసి వెళ్లిపోతున్నారు.

మిల్ 19లో మరమనుషుల మీద పరిశోధన జరగడం మంచిదే. అయితే ఆ గేటు ఎదురుగా పుట్టి పెరిగిన పిల్లవాడికి అందులో ఉద్యోగం వచ్చే దారి ఏదని హేజల్‌వుడ్‌వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. నగరం కోలుకున్నదని చెప్పేటప్పుడు ఎవరు కోలుకున్నారో కూడా చెప్పాలి.

2025 జూన్‌లో, ఇక్కడి బ్రాడక్, క్లెయర్టన్ కర్మాగారాల యజమాని అయిన యూఎస్ స్టీల్‌ను జపాన్‌కు చెందిన నిప్పన్ స్టీల్ కొన్నప్పుడు ఇక్కడి ఇళ్లలో జరిగిన చర్చ మీకు కొత్తగా అనిపించదు. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో కేంద్రం వాటా మొత్తం అమ్మేయాలని నిర్ణయించినప్పుడు మీ క్వార్టర్లలో ఏం మాట్లాడుకున్నారో ఇక్కడా దాదాపు అదే మాట్లాడుకున్నారు: కొత్త యజమాని పెట్టుబడి పెడతాడా, పింఛను ఉంటుందా, మన పిల్లలకు ఇక్కడ పని దొరుకుతుందా అని.

ఉక్కునగరం ఆడపడుచు

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇంజనీరు గారూ, మీ చివరి మాటలు నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. కోక్ కర్మాగారం పక్కన ఉంటున్నవాళ్లు తలుపులు మూసుకుని బతకకుండా ఉండాలంటే ఓవెన్ తలుపుల సీళ్లు ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆయన చాలాసేపు చెప్పారు. ఉత్తరపు శివార్లలో ఇళ్ల ధరలు మేము అనుకున్నదానికన్నా బాగా ఎక్కువగా ఉన్నాయి. మన్రోవిల్ ఎలా ఉంటుంది? గుడి అటువైపే కదా.

మన్రోవిల్ పెద్దమ్మ

అమ్మా, మేము ఇక్కడికి వచ్చి ముప్పయ్యేళ్లు దాటింది. వెస్టింగ్‌హౌస్ వారి అణువిద్యుత్ విభాగం ఇక్కడ ఉన్న రోజుల్లో ఇంజనీర్లుగా వచ్చిన మన కుటుంబాలు చాలా ఉండేవి. పెన్ హిల్స్‌లో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో కట్టి 1976లో ప్రతిష్ఠ చేశారంటే, ఆ తొలి రోజుల్లో వచ్చినవారి పూనికే కారణం. ఇప్పటికీ ఒహాయో నుంచీ కెనడా నుంచీ కార్లు వేసుకుని వస్తారు. శనివారం కింద క్యాంటీనులో పులిహోర తింటూ కూర్చుంటే తెలియని తెలుగువాళ్లు కూడా పలకరిస్తారు. అంతమాత్రాన డాలస్‌లోలాగా వీధికో తెలుగు హోటలు, వారం వారం సంగీత కచేరీలు ఉంటాయని అనుకోకు. మనవాళ్లు తక్కువ, కనుక ఒకరికొకరు ఎక్కువ అవసరం పడతారు. నాకు అదే నచ్చింది. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మూడు వారాలు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు.

బాధ ఏమిటంటే, మా ఈడువారి పిల్లలు చదువుకుని కాలిఫోర్నియాకో న్యూజెర్సీకో వెళ్లిపోయారు, తిరిగి వచ్చినవారు తక్కువ. ఈ మధ్య ఆసుపత్రుల్లో, కంప్యూటర్ కంపెనీల్లో ఉద్యోగాలు వచ్చి నీ వయసువాళ్లు మళ్లీ కొందరు వస్తున్నారు కానీ వాళ్లు ఉత్తరం వైపే ఇళ్లు చూసుకుంటున్నారు. గాలి సంగతి అడిగావు కనుక దాచను. మన్రోవిల్ ఎత్తు మీద ఉంది, లోయలో ఉన్నంత పొగ ఉండదు, కానీ క్లెయర్టన్‌కు ఈశాన్యంగా ఉన్నాం కనుక కొన్ని ఉదయాలు ఇక్కడా వాసన తెలుస్తుంది. మీ ఆయన ఉద్యోగం ఊళ్లో అయితే స్క్విరల్ హిల్ సొరంగం దగ్గర రోజూ ఆగి ఆగి వెళ్లాలి. అద్దెకు దిగి ఒక చలికాలం పాపకు ఎలా ఉంటుందో చూసి, ఆ తర్వాతే కొనుక్కోండి. తొందరపడి ఇంట్లో డబ్బు ఇరికించకు తల్లీ.

ఉక్కునగరం ఆడపడుచు

మీ మాట ప్రకారం ముందు అద్దెకే చూస్తాం పెద్దమ్మా, ఉత్తరం వైపు. ఒక్క ప్రశ్న మిగిలింది. తర్వాత కొనేటప్పుడు, ఇక్కడ చాలా ఇళ్లు వందేళ్లనాటివి అంటున్నారు కదా, ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

రీజెంట్ స్క్వేర్ నుంచి

టెక్సస్‌లో అలవాటు లేనివి నాలుగు ఉన్నాయి. మొదట గనులు. ఇక్కడి కొండల కింద తవ్వి వదిలేసిన బొగ్గు గనులు ఉన్నాయి. అవి కుంగితే ఇల్లు బీటలు వారుతుంది, మామూలు గృహబీమా దానికి పైసా ఇవ్వదు. రాష్ట్ర పర్యావరణ శాఖే దీనికి వేరుగా బీమా అమ్ముతుంది, చిరునామా ఇస్తే కింద గని ఉన్నదీ లేనిదీ వారి వెబ్‌సైటులోని పటంలో తెలుస్తుంది. రెండోది రేడాన్, అంటే నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు. బేస్‌మెంట్‌లో పరీక్ష చేయించండి, లీటరుకు 4 పికోక్యూరీలు దాటితే బయటికి తోడే గొట్టం, ఫ్యాను పెట్టించాలి, ఆ ఖర్చు అమ్మేవారిని భరించమని అడగవచ్చు. మూడోది, వీధిలోంచి ఇంట్లోకి వచ్చే నీటి గొట్టం సీసంతో (లెడ్) చేసినదా అని అడగండి. ఇంట్లో పిల్ల ఉంది కనుక ఈ ఒక్కటీ నోటిమాట మీద నమ్మకండి.

నాలుగోది పన్ను. పిట్స్‌బర్గ్ ఉన్న అలిగేనీ కౌంటీలో పన్ను కోసం ఇళ్ల విలువ ఇంకా 2012ను ఆధారం చేసుకునే కడతారు. మీరు ఎక్కువ ధరకు కొన్నాక, ఆ ధర చూపించి మీ ఇంటి విలువ పెంచమని స్కూల్ డిస్ట్రిక్ట్ అప్పీలు చేసుకోవచ్చు. కనుక పాత యజమాని కట్టిన పన్ను చూసి నెల వాయిదా లెక్క వేసుకోకండి. క్రాన్‌బెరీ అయితే బట్లర్ కౌంటీ కిందికి వస్తుంది, అక్కడి లెక్క వేరు, అది విడిగా కనుక్కోండి.