తెగనమ్మాడా, తెగ నమ్మాడా?

అరసున్న: స్కూల్లో సోషల్ మాస్టారు నోట్సులో చెప్పిన వాక్యం రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. "జారు అలాస్కాను తెగనమ్మి..." ఆ తర్వాత చెడ్డాడో, గట్టెక్కాడో గుర్తులేదు. 1867లో జారు, అంటే రష్యా చక్రవర్తి, దాన్ని అమెరికాకు 72 లక్షల డాలర్లకు ఇచ్చేశాడు కదా, తెగనమ్మడమంటే కారుచౌకగా అమ్మడమేనా?

రిటైర్డ్ లేఖరి: కాదండీ. తాకట్టూ కౌలూ కాకుండా, మళ్ళీ అడగనని తెంచుకుని అమ్మడం. దస్తావేజుల్లో మేం శుద్ధక్రయం అని రాసేది అదే. ధర ఊసు ఆ మాటలో లేదు. 50 లక్షలకు తగ్గొద్దని పంపితే రష్యా రాయబారి స్టెక్ల్ దొర 72 రాబట్టాడు, ఇంక చౌకెక్కడ?

మిరపతోట: ఎకరం రెండు సెంట్లు పడింది, చౌక కాదా? "రైతు కల్లంలోనే తెగనమ్ముకున్నాడు" అని పేపర్లో రాస్తే శుద్ధక్రయమనా? గతిలేక అమ్మాడని. జారుదీ అదే కథ. క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్నాడు, ఖజానా ఖాళీ, సముద్రపు నీటికుక్కలు తగ్గిపోయి బొచ్చు వ్యాపారం పడిపోయింది. మళ్ళీ యుద్ధమొస్తే పక్కనున్న బ్రిటిష్‌వాళ్ళు ఊరికే లాక్కుంటారు. ఊరికే పోయేదాన్ని సొమ్ము చేసుకున్నాడు.

ద్రుతం: ముందు పదం విడదీయండి బాబూ. తెగన్ + అమ్ము. "తెగనాడు"లో ఉన్న నకారమే ఇదీ. "తెగనరుకు"లో న మాత్రం నరుకుది.

అరసున్న: తెగ + నమ్ము ఎందుక్కాకూడదు? "అమెరికాను తెగ నమ్మి" అన్నారేమో! సివిల్ వార్ నడుస్తుండగా 1863లో రష్యా నౌకలు న్యూయార్క్ రేవుకు వెళ్ళాయి, అంత దోస్తీ.

ద్రుతం: అది "తెగ వాగుతున్నాడు"లోని తెగ. నోట్సులో ఏ మాస్టారూ రాయించరు.

భాగవతం పిచ్చి: ఈ తికమక పోతన గారి పేరున ఉన్న చాటువులోనే ఉంది. సరస్వతి కంటతడి పెడితే "అమ్మఁ ద్రిశుద్ధిగ నమ్ము భారతీ" అంటాడాయన. మొదటిది నిన్ను విక్రయించనని, రెండోది నమ్మమని. చిన్నప్పుడు "అమ్మా" అని పిలుస్తున్నాడనుకున్నా.

రిటైర్డ్ లేఖరి: ఆ చాటువు పోతనదేనా అన్నది వేరే గొడవ, ఇక్కడ ఎత్తకండి.

మిరపతోట: అసలు అమ్మే హక్కుందా అతనికి? అక్టోబరు 18న అలాస్కాను అప్పగించేటప్పుడు అక్కడి సిట్కా ఊళ్ళో జారు జెండా తాళ్ళకు చిక్కుకుని ఓ పట్టాన దిగలేదు. అక్కడి ఆదివాసులైన ట్లింగిట్ జనం మా నేల మీరెలా అమ్ముతారన్నారు.

రిటైర్డ్ లేఖరి: లింకు డాక్యుమెంట్లు లేని క్రయమన్నమాట. నేనైతే రాయను.

ద్రుతం: భాగవతంగారూ, "అమ్మఁ"కు అరసున్న పెట్టినందుకు సంతోషం. చాలామంది నిండుసున్న పెట్టేస్తున్నారు.