వ్యాపారంలో స్ట్రాటజీ అంటే ఏంటి? మన జిల్లాల అనుభవాలు చెప్పండి

కావలి విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఎంబీఏ చదువుతున్నాను, ఊళ్లో మాకు చెప్పుల షాపుంది. వ్యాపార చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ 1962లో ఇచ్చిన నిర్వచనం క్లాసులో చెప్పారు: దీర్ఘకాల లక్ష్యాలు తేల్చుకోవడం, వాటికి దారి ఎంచుకోవడం, డబ్బునూ మనుషులనూ ఆ దారిలో పెట్టడం. షాపు దగ్గర కూర్చుంటే ఇది ఎక్కడా తగలడం లేదు. 'ఈ ఏడాది అమ్మకాలు 20 శాతం పెంచాలి' అనుకుంటే అది స్ట్రాటజీయేనా?

ఒంగోలు మాస్టారు:
అది లక్ష్యం బాబూ. 'మంచి సరుకు, మంచి సర్వీసు' అన్నా స్ట్రాటజీ కాదు. చెడ్డ సరుకు అమ్మాలని ఎవరూ అనుకోరు, కాబట్టి అందులో ఎంచుకున్నదేమీ లేదు. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1996లో గట్టిగా వాదించింది ఇదే. పక్కవాళ్లు చేసే పనినే ఇంకాస్త బాగా చేయడం వేరు, స్ట్రాటజీ వేరు. ఏ బేరం వదులుకుంటున్నావో ముందు చెప్పు.

ఇందుకూరుపేట ఆక్వా:
మాస్టారు చెప్పింది మా చెరువుల మీద కళ్లారా చూడొచ్చు. వనామీ రొయ్యల్లో చాలామంది సీడ్, అంటే రొయ్య పిల్లలు, ఒత్తుగా వేసి 30 కౌంట్ దాకా, అంటే కిలోకు 30 రొయ్యలు తూగేదాకా పెంచుతారు. రేటు బాగుంటుంది. కానీ రోజులు పెరిగేకొద్దీ మేత, కరెంటు, వైట్ స్పాట్ జబ్బు భయం, అన్నీ పెరుగుతాయి. 1990ల్లో టైగర్ రొయ్యను ఆ జబ్బు ఏం చేసిందో మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

మేం పల్చగా వేసి, రొయ్య చిన్నగా ఉన్నప్పుడే, 100 కౌంట్ దగ్గరే పట్టేస్తాం. పెద్ద రొయ్య రేటు మాకు రాదు, తెలిసే వదులుకున్నాం. పల్చగా వేస్తాం కాబట్టి నీటికి గాలి అందించే ఏరియేటర్లు తక్కువ చాలు. త్వరగా పట్టేస్తాం కాబట్టి మేత నగదుకే కొనగలం. అప్పు లేదు కాబట్టి సరుకు ఫలానా డీలరుకే తోలాలన్న కట్టుబాటు లేదు, రేటు ఎక్కడ బాగుంటే అక్కడికే. ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. ఇందులో ఒక్కటి మార్చినా మిగతావి కదులుతాయి. స్ట్రాటజీ అంటే నాకు ఈ అల్లిక.

చీమకుర్తి పాలిషింగ్:
బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ రాయి ప్రపంచంలో మా దగ్గరే దొరుకుతుంది. అదే మన బలం అనుకుంటారు. ఆ బలం క్వారీ ఉన్నవాళ్లది. పాలిషింగ్ యూనిట్లందరికీ అదే రాయి వస్తుంది, రేటులో కొట్టుకోవడమే మిగులుతుంది. మేం ఎగుమతి స్లాబుల జోలికి పోకుండా బిల్డర్లకు మెట్లు, కిచెన్ గట్లు కొలతకు కోసి ఇస్తున్నాం. మిషన్లు కూడా దానికి తగ్గవే కొన్నాం. చాండ్లర్ చెప్పిన డబ్బు పెట్టడం అంటే ఇదే తమ్ముడూ.

నెల్లూరు పులుసు:
నాకు ఒక మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మేం ముందుగా ఏదీ ఎంచుకోలేదు. టిఫిన్లు, భోజనాలు, అన్నీ పెట్టాం. బెంగళూరు, చెన్నై వెళ్లేవాళ్లు చేపల పులుసు పార్సిల్ అడగడం ఎక్కువైంది. మెల్లగా టిఫిన్లు తీసేసి, పొద్దున మనుషుల్ని చేపలు కడగడానికి పెట్టాం. ఏ కాగితం మీదా రాసింది లేదు.

ఒంగోలు మాస్టారు:
అమ్మా, మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ హెన్రీ మింట్‌జ్‌బర్గ్ మీ పక్షమే. ముందు వేసుకున్న ప్లాన్ ఒక్కటే కాదు, చేస్తూ పోగా పనుల్లో కుదురుకున్న తీరు కూడా స్ట్రాటజీయే అంటాడు. నా ఉద్దేశంలో మాత్రం టిఫిన్లు తీసేసిన రోజే అది స్ట్రాటజీ అయింది. అంతవరకూ అది గిరాకీ.

నెల్లూరు పులుసు:
తీసేసిన రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది మాస్టారూ, కాబట్టి ఒప్పుకుంటా.

కావలి విద్యార్థి:
అయితే మేం స్కూలు షూ, మగవాళ్ల రోజువారీ చెప్పులు ఉంచుకుని ఫ్యాన్సీ తీసేయాలా? పండగ బేరం పోతుందని నాన్న భయం.

ఇందుకూరుపేట ఆక్వా:
తీసేయమని ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. పండగ అయ్యాక గోడౌనులో మిగిలిన జతలు ఏ రకంవో, ఏ సైజులో లెక్క రాయి. డబ్బు ఎక్కడ ఇరుక్కుందో తేలుతుంది. ఆ కాగితం పట్టుకుని నాన్నతో మాట్లాడు.