పారిస్‌లో కొన్న ఒబెలిస్కులు నిజంగా పాతవేనా?

పోయిన నెల పారిస్‌లో పాత సామాన్ల సంతలో అడుగున్నర ఎత్తున్న ఒబెలిస్కుల (నాలుగు పలకలతో పైకి సన్నబడి మొనతేలే స్తంభాల) జత కొన్నాను. అక్కడి ప్లాస్ ద లా కాంకార్డ్ కూడలిలో ఉన్న, ఈజిప్టు నుంచి తెచ్చిన లక్సర్ స్తంభానికి నమూనాలు, నాలుగు పక్కలా ఈజిప్టు బొమ్మల లిపి చెక్కి ఉంది. 150 ఏళ్ల నాటివని అమ్మినాయన ఒట్టేసి మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి చూస్తే కొనన బంగారు రంగు టోపీ! అసలు స్తంభాన్ని అక్కడ నిలబెట్టింది 1836లో అయినా, ఇప్పుడున్న బంగారు టోపీ పెట్టింది 1998లో కదా. పాత నమూనాలకు కూడా కొనన పూత వేసేవారా? లేక నేను మోసపోయానా?

చేతికి చల్లగా, బరువుగానే ఉన్నాయి. రాయో, రాతిపొడి కలిపిన రెజినో (ప్లాస్టిక్ లాంటిది) ఇంట్లోనే తేల్చుకునే మార్గముందా? అడుగున అంటించిన గుడ్డ పీకితే విలువ తగ్గుతుందేమోనని టెన్షన్. మా ఆవిడైతే "పొలం హద్దురాళ్లు మోసుకొచ్చారు" అంటోంది.