అయు ఉతామి 'సామన్': శృంగారం తీసేస్తే ఏం మిగులుతుంది?

చదువరి:
ఇండోనేషియా రచయిత్రి అయు ఉతామి తొలి నవల 'సామన్' ఇంగ్లీషులో చదివాను. 1998లో, అక్కడి నియంత అధ్యక్షుడు సుహార్తో గద్దె దిగడానికి కొద్ది వారాల ముందు వచ్చింది. పెళ్లికాని ఆడవాళ్ల కోరికల గురించి దాపరికం లేకుండా రాశారు. ఆమెనూ, ఆ దారిలో వచ్చిన రచయిత్రులనూ కలిపి అక్కడి పత్రికలు 'సుగంధ సాహిత్యం' అన్నాయి. శృంగారం లేకపోతే ఈ నవలకు ఇంత పేరు వచ్చేదంటారా?

నల్లరేగడి:
వచ్చేది కాదండీ. అందులోని నలుగురు స్నేహితురాళ్లూ చదువుకున్న నగరవాసులే. న్యూయార్క్ పార్కులో పెళ్లయిన ప్రియుడి కోసం ఎదురుచూసే లైలా బాధ పల్లెలో ఆడమనిషికి ఏం పడుతుంది?

తుంగభద్ర:
నల్లరేగడి గారూ, మీరు సగం నవలను వదిలేశారు. ఆ సగం సుమత్రా రబ్బరు తోటల్లో నడుస్తుంది. రబ్బరు తీసేసి పామాయిల్ వేయమని రైతుల మీద ఒత్తిడి. వాళ్ల పక్షాన నిలబడ్డ పాదిరీ విస్‌ను పట్టుకెళ్లి చిత్రహింసలు పెడతారు. తర్వాత పేరు మార్చుకుని సామన్ అయ్యేది అతనే. అతన్ని ఆ పల్లె వైపు లాగింది ఉపి, మతిస్థిమితం లేని పిల్ల. కోరిక అదుపులో ఉండదని ఇంటివాళ్లే బంధించి ఉంచారు. పాదిరీ ఆమె కోసం చేయగలిగింది, ఇంకాస్త మంచి గది కట్టివ్వడం. ఆ పేజీలు చదివి రెండు రోజులు వేరే పుస్తకం ముట్టలేకపోయాను. ఉపి పల్లె ఆడపిల్ల కాదా?

ఇక ఆ నలుగురు స్నేహితురాళ్లలో ఒకరైన షకుంతల. వీసా దరఖాస్తులో ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయి, తండ్రి పేరు నేనెందుకు రాయాలంటుంది. సుహార్తోకు 'అభివృద్ధి పిత' అని బిరుదు ఇచ్చిన దేశంలో ఆ ప్రశ్న ఇంటి గొడవతో ఆగదు. రాసినావిడ కూడా ఊరికే రాయలేదు. 1994లో ప్రభుత్వం టెంపో సహా మూడు వారపత్రికలను మూయించినప్పుడు స్వతంత్ర పాత్రికేయుల సంఘంలో చేరి ఉద్యోగం పోగొట్టుకున్న జర్నలిస్టు.

నల్లరేగడి:
ఉపి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆమె కథ మనకు పాదిరీ కళ్లతోనే తెలుస్తుంది కదా? లైలా, షకుంతల మాత్రం 'నేను' అని మాట్లాడతారు.

తుంగభద్ర:
అది గట్టి విమర్శేనండీ, నాకూ అక్కడ అసంతృప్తి ఉంది. అయితే అది గొంతు ఎవరికి దక్కిందన్న విమర్శ. శృంగారం వల్లే పేరొచ్చిందన్న మాట వేరు, దాన్ని మాత్రం నేను ఒప్పుకోను.