సందేహం వచ్చిన విశ్వాసి సంఘం బయటివాళ్లతో మాట్లాడొచ్చా?

హన్మకొండ చౌరస్తా:
ఏడుగురు కలిసి నెలకోసారి మార్కు సువార్త చదవాలనుకుంటున్నరు. ఇద్దరు బాప్టిస్టులు, ఒక క్యాథలిక్, ఇద్దరు హిందువులు, ఒక ముస్లిం, ఒక హేతువాది. ఎవరి సందేహం వాళ్లు దాచకుండ చెప్పాలె, అదొక్కటే షరతు. సంఘం పెద్దలు వద్దంటున్నరు. వాళ్లు చూపెట్టే వాక్యం "మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" (2 కొరింథీ 6:14). మీరేమంటరు? ఊరికె మంచిదే అనకుండ, ఎట్ల నడపాలె, ఎక్కడ చెడిపోతది, అది చెప్పండి.

డోర్నకల్ ప్యాసింజర్:
ఆ వాక్యంలో "జోడుగా" అన్నది కాడి మాట. రెండు ఎడ్లను ఒకే కాడికి కట్టడం వేరు, ఒకే చెట్టు నీడన నిలబడడం వేరు. అదే కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక 5:10 చూడండి. లోకంలోని వాళ్లతో అసలు కలవొద్దంటే లోకమే విడిచి పోవాల్సి వస్తుందని ఆ రెండు పత్రికలూ రాసిన పౌలే అంటాడు. ఏథెన్సులో మాట్లాడినప్పుడు గ్రీకు కవుల మాటే ఎత్తుకున్నాడు (అపొస్తలుల కార్యములు 17). మన దగ్గర డోర్నకల్ కథీడ్రల్ చాలు. 1912లో బిషప్ అయిన అజరయ్య గారి హయాంలో లేచి 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడంలో గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి.

సందేహం విషయానికొస్తే, పునరుత్థానుడైన యేసును కళ్లారా చూసి మొక్కినవాళ్లలోనే "కొందరు సందేహించిరి" అని మత్తయి 28:17లో ఉంది. మత్తయి ఆ మాట కొట్టేయలేదు.

కరీంనగర్ విశ్వాసి:
బ్రదర్, రోమా 14:1 కూడా చదవండి. "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి, అయినను సంశయములను తీర్చుటకు వాదములను పెట్టుకొనవద్దు." బాప్తిస్మం తీసుకుని ఆర్నెల్లు కాలేదు, ఇరవై ఏండ్ల నుంచి వాదిస్తున్న హేతువాది ముందర కూసోబెడితే అది చర్చ అయితదా? బరిలో కోడిపిల్లను వదిలినట్టే. నేను మాట్లాడొద్దంటలేను. ఎవరిని కూసోబెడుతున్నమో చూసుకోవాలె అంటున్న.

మట్టెవాడ హేతువాది:
కరీంనగర్ అన్న చెప్పిందాంట్ల నిజముంది. మా దిక్కు తప్పు కూడా అక్కడ్నే. ఒక్క రాత్రిల ముప్పై ప్రశ్నలు కుమ్మరిస్తం. మరియమ్మ భర్త యోసేపుకు తండ్రి మత్తయిల యాకోబు, లూకాల హేలీ. యేసును పట్టిచ్చిన యూదా మత్తయిల ఉరేసుకున్నడు, అపొస్తలుల కార్యములల తలకిందులుగ పడి నడుమ పగిలి చచ్చిండు. ఒక్కదానికి జవాబు వచ్చేలోపు ఇంకోటి. ఎదుటోడు నోరు మూసుకుంటే గెలిచినం అనుకుంటం. అందుకని పూటకు ఒక్కటే ప్రశ్న పెట్టుకోండి.

ఏదో ఒకటి ఎంచుకోమంటే మార్కు ముగింపు ఎంచుకుంట. నాలుగో శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతులల మార్కు 16:8 తోనే అయిపోతది. స్త్రీలు "భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు", అంతే. 9 నుంచి 20 దాంక అండ్ల లేవు. మన ఊర్లల్ల స్వస్థత కూటాలల్ల ఎత్తి చదివే "రోగుల మీద చేతులుంచినప్పుడు" అన్న మాట ఆ లేని భాగంలదే. దాని పక్కనే పాములను పట్టుకొనుడు, విషం తాగుడు కూడ ఉన్నయి, అవి మాత్రం ఎవరూ చదవరు.

డోర్నకల్ ప్యాసింజర్:
ప్రతుల సంగతి నిజం, సెమినరీల్లో కూడా అదే చెబుతారు. అయితే దాంతో స్వస్థత ప్రార్థన కొట్టుకుపోదు. రోగి కోసం పెద్దలు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు 5:14లో ఉంది, ఆ వచనం మీద ఇలాంటి పేచీ లేదు. అసలు గొడవ వచనంతో కాదు. ప్రార్థన చేశాం కదా అని టీబీ కోర్సు మధ్యలో మాత్రలు ఆపేయిస్తే వస్తుంది. టీబీ మందులు సగంలో మానేస్తే క్రిములు వాటికి లొంగకుండా తయారవుతాయి. ఈ సంగతి మొదటి రోజే గట్టిగా అనేసుకోండి. లేకపోతే స్వస్థత మాట వచ్చిన ప్రతిసారీ అందరూ మాత్రల గురించే కొట్టుకుంటారు.

కాజీపేట జంక్షన్:
అన్ని సందేహాలు పుస్తకం సందేహాలు కావండీ. బిడ్డ పోయిన తల్లి "దేవుడున్నాడా?" అంటే ప్రతుల శతాబ్దాలు చెప్పి ఏం లాభం? ఆమెకు 88వ కీర్తన చదివి వినిపించండి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో ఆగిపోతుంది, తర్వాత ఓదార్పు లేదు. మదర్ తెరెసా రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి, వాటిలో దశాబ్దాల చీకటి ఉంది. ఆ రోజు హేతువాది గారు కాస్త మౌనంగా ఉంటే చాలు, పాస్టర్ గారు కూడా.

మండిబజార్ మూల:
భాయ్, మా ముస్లింలు ఎక్కువగా చేసే పొరపాటు బైబిల్ల లేని బర్నబా సువార్త పట్టుకొచ్చుడు. దాని చేతిరాత ప్రతులు పదహారో శతాబ్దం ముందటివి లేవు, దాంతో వాదిస్తే మన మాటకే విలువ పోతది. ఖురాన్‌ల ఈసాకు, అంటే యేసుకు, మసీహ్ అనే పేరుంది, కన్య మరియమ్మ సంగతి 19వ సూరాల ఉంది. అక్కడ మొదలుపెడితే అందరు వింటరు. సిలువ సంగతిల మాత్రం ఒప్పుకునేది లేదు, ఆయనను సిలువ వేయలేదని ఖురాన్ 4:157ల స్పష్టంగ ఉంది. అట్ల లేనట్టు నటించకుండ్రి. ఇంకొకటి, "దేవుని కుమారుడు" అంటే మావాళ్ల చెవికి కన్న కొడుకు అని పడుతది. ఆ అర్థంతో అంటలేమని క్రైస్తవులు ముందే చెప్పాలె.

భద్రకాళి గట్టు:
నాదొక్కటే. పక్కింటోళ్లు సమ్మక్క జాతర నుంచి వచ్చి బంగారం, అదే బెల్లం, చేతిల పెడితే "మేం తినం" అని తలుపేసుడు. ఆ మీద కూడికల మమ్మల్ని "అన్యులు" అనుడు. ఆ మాట ఒక్కసారి చెవిన పడ్డంక మార్కు చదువుదాం రమ్మంటే ఎవరొస్తరు?

డోర్నకల్ ప్యాసింజర్:
ఈ మాట మీద ఎంత చెప్పినా తక్కువే. బైబిల్లో "అన్యజనులు" అంటే యూదులు కానివాళ్లు. పౌలు లెక్కలో వరంగల్ పాస్టర్ గారూ అన్యజనుడే! మన సంఘాల్లో ఆ మాట జరిగి జరిగి "మనం కానివాళ్లు" అయి కూర్చుంది. పలకడం మానేయండి, పొరుగువాళ్లు అనండి.

బెల్లం సంగతికొస్తే 1 కొరింథీ 10:27-28 సరిగ్గా దీని గురించే. వడ్డించింది ఆరా తీయకుండా తినొచ్చు, అర్పించిందని ఎదుటివాళ్లు చెబితే మానాలి. జాతర నుంచి వచ్చిందంటే చెప్పినట్టే కదా, కాబట్టి చాలామంది తినరు. తినకపోవడం వాళ్ల మనస్సాక్షి. కానీ రెండు చేతులతో అందుకుని, "అక్కా, మాకు ఈ నియమం ఉంది, తప్పనుకోవద్దు" అని గడప దగ్గరే చెప్పొచ్చు. తలుపేయమని పౌలు ఎక్కడా రాయలేదు.

జనగామ బస్సు:
ఎవరూ అనని మాట ఒకటి. ఫోన్లన్నీ ఒక బుట్టల పెట్టించండి. రికార్డింగ్ వద్దు, ఫొటో వద్దు, స్టేటస్ అసలే వద్దు. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను చేర్చిండ్రు, క్రైస్తవులను చేర్చలే. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన దగ్గర బీసీ-సీ. "నేను నమ్ముతున్న", "నాకు నమ్మకం పోయింది", ఏదన్నా సరే, వీడియోల పడితే సర్టిఫికెట్ దాంక పోతది. పేదోడికి సందేహం చెప్పుకునుడు కూడ ఖర్చే.

హన్మకొండ చౌరస్తా:
అందరికీ దండం. మొదటి పాఠం మార్కు 16 కాదు, 9:14-29 పెడుతున్నం, దయ్యం పట్టిన పిల్లగాన్ని యేసు బాగుచేసే కథ. పదహారు వచనాలు, గంటన్నర. ముందు పది నిమిషాలు ఒకరు బయటికి చదువుడు, తర్వాత ఇరవై నిమిషాలు ప్రశ్నలే, జవాబులు లేవు. మిగిలిందంతా ఒకే ప్రశ్న మీద. పిల్లగానికి నురగ, పండ్లు కొరుక్కునుడు ఉన్నయి కాబట్టి మూర్ఛ మాట మట్టెవాడ అన్న ఎట్లాగు తెస్తడు, తేనీయండి. తండ్రి మాట "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" కూడ అక్కడ్నే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున వదిలేసి శనివారం సాయంత్రం. బతుకమ్మ తొమ్మిది రోజులల్ల లేదు.

కరీంనగర్ విశ్వాసి:
నేను ఇప్పటికీ ఒప్పుకోను. కాని పెడితే ఒకటి చెయ్యుండ్రి. కొత్త విశ్వాసి వస్తే పక్కన వాళ్ల సంఘం మనిషి ఒకరు ఉండాలె, మాట్లాడనీకి కాదు, ఇంటికి పోయేటప్పుడు తోడుకు. దారిలనే అసలు ప్రశ్నలు వస్తయి.

మట్టెవాడ హేతువాది:
ఆ తోడు వచ్చేటోళ్లను నేను ఏమడగ. కాని అన్నా, మా దిక్కు కూడా ఒక కొత్త పిల్లగాడు ఉన్నడు, నిన్నమొన్ననే గుడి మానేసిండు. వానికి తోడు ఎవరొస్తరు?