దేవమాలి నాచులో గుల్ల అమీబాలు: ఖాళీ గుల్లలను జాబితాలో చేర్చవచ్చా?

కొండగాలి (కోరాపుట్): ఒడిశాలోని దేవమాలి కొండ (1,672 మీటర్లు) రాళ్ల మీది నాచును నీళ్లలో నానబెట్టి, కుదిపి, వడకట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను. సెంట్రోపిక్సిస్, యూగ్లైఫా, ట్రైనీమా అనే గుల్ల అమీబాలు (ఒంటి చుట్టూ గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు) కనిపించాయి. చాలావరకు ఖాళీ గుల్లలే. ఇవి ఈ కొండ మీద ఉండే జీవుల జాబితాలోకి వస్తాయా?

జయపురం మాస్టారు: రావు. తాళం వేసిన ఇంటిని చూసి జనాభా రాసుకుంటామా? రోజ్ బెంగాల్ రంగు వేయండి, లోపల జీవపదార్థం ఉంటే గులాబీ రంగు పట్టుకుంటుంది. పైగా గుల్లలన్నీ ఒకేలా మన్నవు. యూగ్లైఫా సొంతంగా తయారుచేసుకున్న సిలికా పలకలను పేర్చి గుల్ల కడుతుంది, చచ్చాక అవి త్వరగా ఊడిపోతాయి. ఇసుక రేణువులు అతికించుకున్న సెంట్రోపిక్సిస్ గుల్ల చాలాకాలం నిలుస్తుంది. ఖాళీవి లెక్కపెడితే గట్టి గుల్లలదే రాజ్యం.

రాయగడ వాసి: ఇవి చెరువు పాచిలో కూడా ఉంటాయా?

పర్లాకిమిడి: మాస్టారూ, లెక్క వేరు, జాబితా వేరు. ఏ జాతి ఎంత ఉందని ఆయన అడగలేదు, ఏవేవి ఉన్నాయని అడిగారు. ఎండాకాలంలో నాచు కరకరలాడుతుంటే అమీబా గుల్లలోనే తిత్తి కట్టుకుని పడుకుంటుంది. మనం వెళ్లని రోజుల్లో అక్కడ ఎవరున్నారో ఖాళీ గుల్లే చెబుతుంది. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలా?

జయపురం మాస్టారు: చిన్నదా? ముప్పై ఏళ్లు పిల్లలకు స్లైడ్లు చూపించినవాణ్ణి. రంగు వేయకుండా చూసింది చూపు కాదు.

పర్లాకిమిడి: రంగు సీసా మీ బీరువాలో ఉంది కాబట్టి చెబుతారు. నిరుడు వానల్లో ఒక బృందం వస్తే మహేంద్రగిరి కొండ దారి చూపించాను, జలగలు పట్టింది నా కాళ్లను. నాచు సంచులు మోసుకెళ్లారు. జాబితా పంపుతామన్నారు, ఇప్పటికీ పంపలేదు. ఫోను చేస్తే "అవి మీకు అర్థం కావులెండి" అన్నారు.

కొండగాలి: నా ప్రశ్న ఎక్కడికో పోయింది.

జయపురం మాస్టారు: అయితే మీ కోపం గుల్లల మీద కాదన్నమాట.

పర్లాకిమిడి: కాదు. సాధారణంగా మిల్లీమీటరులో అయిదో వంతుకు మించని జీవికి కూడా సాక్ష్యం చెప్పే అర్హత ఎవరికుందో మీరే తేలుస్తున్నారు. కోపం దాని మీద.

జయపురం మాస్టారు: ఆ మాట అన్నవాళ్లది తప్పు. ఖాళీ గుల్లల విషయంలో మాత్రం నేను మారను. కొండగాలి గారూ, నిండినవి ఒక వరుసలో, ఖాళీవి మరో వరుసలో రాయండి. పర్లాకిమిడి గారు ఆదివారం జయపురం వస్తే సీసాలో సగం పోసిస్తాను.

పర్లాకిమిడి: బస్సు ఖర్చు మీదే.

రాయగడ వాసి: చెరువు పాచి సంగతి?

కొండగాలి: ఉంటాయండీ. ఆర్సెల్లా, డిఫ్లూజియా కోసం చూడండి.