“వలనన ములుసూపు”: సత్యం వల్లనా, సత్యం వైపా?

ప్యాకింగ్ హాలు
మా హాల్లో గోడకి పెద్ద స్క్రీన్ పెడుతున్నాం. గ్రాఫులన్నీ తీసేసి ఓఈఈ (లైను మొత్తం ఎంత బాగా నడుస్తోందో చెప్పే శాతం) ఒక్కటే జానెడెత్తు అంకెల్లో చూపించాలని తేలింది. అంకె పెట్టాలా, ముల్లు తిరిగే డయల్ పెట్టాలా అన్న దగ్గర మాత్రం మాట కుదరలేదు. ఆ వాదన మధ్యలో ఒక పద్యం ముక్క నాలుక మీదికొచ్చి ఆగిపోయింది: “...వేయును నొక్క సత్యమును... ములుసూపు గౌరవంబున”. ఆదిపర్వంలో శకుంతల మాట. “సత్యము వలన” తర్వాత ఇంకో న ఉందా? పూర్తిగా ఎవరికైనా నోటికుంటే చెప్పండి, స్క్రీన్ కింద రాయించాలనుంది. అంకా ముల్లా అన్నదీ పనిలో పనిగా చెప్పండి.

కందప్రియ
వెలయంగ నశ్వమేధం
బులు వేయును నొక్క సత్యమును నిరుగడలం
దుల నిడి తూఁపఁగ సత్యము
వలనన ములుసూపు గౌరవంబున పేర్మిన్.

వెయ్యి అశ్వమేధాలనీ ఒక్క సత్యాన్నీ తక్కెడలో రెండు పక్కలా పెట్టి తూస్తే సత్యమే బరువు తూగిందని భావం. రెండో న ఉంది. “వలనన” నలం, అంటే నాలుగు లఘువుల గణం, ఒక న తీస్తే గణం కూలిపోతుంది. దీని ముందున్న “నుతజల పూరితంబులగు” చంపకమాల అందరికీ వచ్చు, ఈ కందం దాని చాటున పడిపోయింది. నన్నడిగితే రెంటిలో ఇదే మిన్న.

తాతగారి బడి
పద్యం సరే, అర్థం దగ్గరే పేచీ. “సత్యం వల్లనే ముల్లు చూపింది” అని చెప్పేస్తుంటారు. ఇది కారణం చెప్పే వలన కాదండీ, దిక్కు చెప్పే వలను. సత్యమున్న పక్కకే ముల్లు మొగ్గింది. పైన “ఇరుగడల” అన్నాడు కదా, రెండు కడలు చెప్పాక ఏ కడ అన్నది చెప్పాలి. అదే వలను.

కందప్రియ
మాస్టారూ, వలను మీద అన్ చేరినా, ప్రత్యయం వలనన్ అయినా, అవధారణ (నొక్కి చెప్పే అ) పడితే మిగిలేది “వలనన” అన్న ఒక్క రూపమే. రూపం చూసి తేల్చలేం. ఇరుగడలని ముందే అన్నాడు కాబట్టి పక్క తెలిసిపోయింది, ఇక చెప్పాల్సింది కారణమేనని అవతలివాళ్లూ అనొచ్చు.

తాతగారి బడి
కారణం “గౌరవంబున”లో ఉంది కదమ్మా. గౌరవమంటే ఇక్కడ మర్యాద కాదు, గురుత్వం, బరువు. బరువు వల్ల మొగ్గింది. సత్యం వల్ల, బరువు వల్ల అని ఒకే పాదంలో రెండు కారణాలు నన్నయ పెడతాడా? నానారుచిరార్థసూక్తినిధి అని తన గురించి తానే చెప్పుకున్నవాడు!

కాటా కొట్టు
మాది మూడు తరాల కిరాణా. పద్యాల లోతు నాకు తెలీదు, తక్కెడ తెలుసు. చేత్తో ఎత్తే తక్కెడకి ముల్లు దండె మీద, పట్టు మధ్యలో నిలబడి ఉంటుంది. ఏ తట్ట బరువైతే ఆ పక్కకే వాలుతుంది. కాలేజీ ల్యాబులో అద్దాల పెట్టెలో ఉండే త్రాసుకి ముల్లు దండె కింద వేలాడుతుంది, అది తేలిక పక్కకి జరుగుతుంది. కాబట్టి “సత్యం వైపు” అన్న అర్థం నిలవాలంటే నన్నయ గారు చూసింది పైముల్లు తక్కెడే అయుండాలి.

కందప్రియ
ఈ సంగతి నేను చూసిన వ్యాఖ్యానాల్లో లేదు అన్నా, దాచుకుంటున్నాను. ఇంకోటి చూడండి. మూలంలో “అశ్వమేధసహస్రం చ సత్యం చ తులయా ధృతమ్” అని తులలో పెట్టడం ఉంది, ఆ తర్వాత సత్యమే మిన్న అని తేల్చేశారు. ముల్లు లేదు. ముల్లు పెట్టింది నన్నయ. వ్యాసుడు తీర్పు చెబితే ఈయన తూకం చూపించాడు.

మెట్ట పొలం
“మొగ్గు చూపు” అంటాం కదా, అది ఈ “ములుసూపు” నుంచే పుట్టిందని నా నమ్మకం. ముల్లు చూపడం జనం నోట మొగ్గు చూపడమైంది.

తాతగారి బడి
కాదు నాయనా. మొగ్గు అంటేనే వాలు, దానికి ముల్లుతో చుట్టరికం లేదు. ఇక్కడ ములు కర్త, చూపు క్రియ. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం వచ్చి చకారం సకారమైంది. మొగ్గు చూపులో చకారం చెక్కు చెదరలేదు చూశావా?

మెట్ట పొలం
ఆ ఆదేశం బహుళం కదా మాస్టారూ. రాకపోయినా తప్పు లేదు. నా మాట మీదే ఉన్నాను.

బాయిలర్ రూము
అడిగినాయన స్క్రీన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిరి పీడనానికి ముల్లే మేలు. ఎర్రగీతకి ఎంత దూరంలో ఉంది, ఎంత జోరుగా వెళ్తోంది అన్నది అంకె చదవకుండానే దూరం నుంచి కళ్లకి తడుతుంది. ఓఈఈ అలా నిమిషానికో తీరుగా మారేది కాదు. డయల్ పెడితే సగం గోడ తినేసి చెప్పేది ఒక్క అంకె. అంకే పెట్టండి, వట్టి అంకె మాత్రం వద్దు.

లభ్యత 90, వేగం 90, నాణ్యత 90 శాతం అనుకోండి. మూడూ బాగున్నట్టే ఉంటాయి, గుణిస్తే 72.9. గోడ మీద 72.9 అని ఒక్కటే కనిపిస్తే ఆపరేటరుకి ఏం తెలుస్తుంది? పక్కన చిన్న అక్షరాల్లో లక్ష్యం, పోయిన షిఫ్టు ఎంత, పైకా కిందికా అన్న బాణం ఉండాలి. ఆ మూడు భాగాల్లో ఏది లాగేస్తోందో అన్నది కింద ఒక వరసలో. 85 అయితే ప్రపంచస్థాయి అంటారు. అది 90, 95, 99.9 గుణిస్తే వచ్చిన లెక్క. మీ లైనుకి ఆ లక్ష్యం సరిపోతుందో లేదో చూసుకుని పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకె ఏ నిమిషానిదో రాయించండి. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే కంట్రోలరు)తో లింకు తెగితే చాలా స్క్రీన్లు ఆఖరి అంకెనే పట్టుకుని నిలబడతాయి. లైను ఆగి గంటైనా గోడ మీద ఆకుపచ్చలో 81 వెలుగుతుంటే జనం దాన్ని నమ్మడం మానేస్తారు, మళ్లీ నమ్మించడం చాలా కష్టం. లింకు పోతే అంకె బూడిదరంగుకి మారాలి, లేదా గీతలు రావాలి.

ప్యాకింగ్ హాలు
బాగా చెప్పారన్నా, బూడిదరంగు సంగతి రేపే చెబుతాను. మాస్టారి వలను నాకు నచ్చింది. మా బాణం చేసేదీ ఆ పనే, ఎంత అన్నది అంకె చెబితే ఎటు అన్నది బాణం చెప్పాలి. రాయించేది నాలుగో పాదం ఒక్కటే అనుకుంటున్నాను.

కందప్రియ
నాలుగో పాదం ఒక్కటే రాయిస్తే సత్యం మూడో పాదంలో ఉండిపోతుంది! “సత్యము వలనన ములుసూపు” అని రాయించండి, ఛందస్సు పోయినా మాట నిలుస్తుంది.

తాతగారి బడి
పద్యాన్ని ముక్కలు చెయ్యకండి, నాలుగు పాదాలూ పెట్టండి. గోడ మీద చోటుంది కదా.

కాటా కొట్టు
మాస్టారూ, “తూఁపఁగ” అన్నారు పైన. మా నాన్న “తూచగ” అని చదివేవాడు. కొట్లో తూచడమే అంటాం. ఏది పాఠం?

కందప్రియ
నాకొచ్చింది తూఁపఁగ. గణానికి రెండూ సరిపోతాయి, నాన్నగారి పాఠం కొట్టిపారేయను. నాకు అంతకంటే “పేర్మిన్” అడ్డం పడుతోంది. గౌరవం బరువే అయితే “గౌరవంబున” అన్నాక మళ్లీ “పేర్మిన్” ఎందుకు? బరువు చేత, గొప్పదనం చేత అని రెండు కారణాలేగా మాస్టారూ? ఒకే పాదంలో రెండు కారణాలు పెట్టడన్నారు మీరు.

తాతగారి బడి
రెండు కాదమ్మా, గౌరవపు పేర్మి, ఒక్కటే. ఆ నకారాన్ని షష్ఠిగా, అంటే “యొక్క”గా తీసుకో.

కందప్రియ
అలా తీసుకోవడానికి నన్నయలోనే ఇంకో చోటు చూపించండి, ఒప్పుకుంటాను.